మూడోసారి పాసైన కుర్రాడు



ఈ నెల యూనిట్ టెస్ట్ మార్కులు మీ ఫోన్లకు వచ్చేసి ఉంటాయి. స్టీల్ ప్లాంటులో బి షిఫ్ట్ ముగించుకుని కూర్మన్నపాలెం చేరేలోపే కొందరు నాన్నలు చూసుకుని ఉంటారు. పోర్టు గేటు బయట బండి ఆపి మెసేజ్ తెరిచినవారూ ఉంటారు. మార్కులు బాగుంటే ఆ రాత్రి ఇంట్లో భోజనాలు ఒకలా సాగుతాయి, తగ్గితే ఇంకోలా సాగుతాయి. ఆ రెండో రకం రాత్రి గడిపిన ఇళ్ళ కోసం ఈ నెల ఒక తెలుగువాడి జీవితం చెబుతున్నాం. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పేరు మీరు విన్నదే. ఆయన చేసిన పని మాత్రం మనలో చాలామందికి తెలియదు. తెలియకపోయినా, దాన్ని వాడుకోని ఇల్లు మన ఊళ్ళో బహుశా ఉండదు.

మీ ఇంట్లోనే ఉన్న మనిషి

అమ్మలూ, మీరు కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుగారు మొదటి చీటీలోనే ఒక చిన్న మాత్ర రాసి ఉంటారు. దాని పేరు ఫోలిక్ యాసిడ్. పుట్టబోయే బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడటానికి అది కావాలి. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టిన బృందానికి నాయకుడు సుబ్బారావు.

బోదకాలు వ్యాధి మన కోస్తా జిల్లాలకు కొత్త కాదు. వాపెక్కిన కాలితో నడిచే పెద్దవాళ్ళను మీ చిన్నతనంలో మీరూ చూసే ఉంటారు. ఆ జబ్బు రాకుండా ప్రభుత్వం ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రలు కూడా ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి.

మీ అమ్మాయి జీవశాస్త్రం పుస్తకంలో ఏటీపీ అన్న మూడక్షరాలు ఉంటాయి. కణానికి శక్తినిచ్చే పదార్థం అది. దాన్ని గుర్తించిన తొలి శాస్త్రవేత్తల్లో ఈయన ఒకరు.

ఇక నాలుగోది క్యాన్సర్ మందు. దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. దానికి ముందు ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఎలా చదివాడో చూద్దాం.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది.

పదమూడేళ్ళ వయసులో ఆ కుర్రాడు ఇంట్లోంచి పారిపోయాడు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలన్నది అతని పథకం. వెంకమ్మగారు కొడుకును వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. కూర్చున్నాడేగాని చదువు వెంటనే పట్టుబడలేదు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో సంపాదన లేదు, తినే నోళ్ళు చాలా ఉన్నాయి, పిల్లవాడు రెండుసార్లు ఫెయిలయ్యాడు. ఆ పరిస్థితిలో మనమైతే ఏం చేసేవాళ్ళం? ఏదైనా కొట్లో గుమాస్తాగా పెట్టేవాళ్ళమేమో. వెంకమ్మగారు ఒంటిమీది నగలు అమ్మి కొడుకును మద్రాసు పంపారు. అక్కడ హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో అతను మెట్రిక్ పాసయ్యాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివాడు. లెక్కలంటే ఇష్టం ఏర్పడింది.

అప్పుడూ దారి సూటిగా సాగలేదు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమని దారి చూపారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరితో పెళ్ళయింది. అక్కడి నుంచి వైద్యవిద్య ఖర్చుకు మామగారు అండగా నిలిచారు.

ఖద్దరు కోటు, తక్కువ పట్టా

గాంధీగారు విదేశీ బట్ట మానమని పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకునే వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికిచ్చారు. ఆ పట్టాతో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే పనిలో కుదిరారు.

ఇంటిమీద అంతకంటే పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. లక్ష్మీపతిగారి వైద్యంతో బయటపడ్డారు. అన్నదమ్ములను తీసుకుపోయిన ఆ జబ్బుకు మందు ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆయనను వదల్లేదు. ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికి అమెరికా వెళ్ళాలనుకున్నారు.

డబ్బు ఎక్కడిది? కొంత మామగారిచ్చారు. కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. రంగూన్‌లో సంపాదించిన ఆస్తిని ధర్మానికి రాసిపెట్టిన తెలుగువాడి సొమ్ము అది. మన తీరం నుంచి ఓడెక్కి వెళ్ళినవాడి కష్టార్జితం, మరో కుర్రాడు ఓడెక్కడానికి ఉపయోగపడింది. 1923 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. అదే ఏడాది మన విశాఖలో వైద్య కళాశాల మొదలైంది. ఇప్పుడు ఆంధ్రా మెడికల్ కాలేజీ అని మనం పిలుచుకునేది అదే. ఆయన చదువుకునే కాలానికి మన తీరంలో అలాంటిది లేదు.

నీలిరంగు చెప్పిన లెక్క

బోస్టన్‌లో ఆయన హార్వర్డ్‌లో చేరారు. ఇక్కడి పట్టాతో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. పగలు చదువుకుంటూ రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. డిప్లొమా పూర్తయ్యాక జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు.

అక్కడ ముందుగా తేలాల్సిన సమస్య ఒకటుంది. రక్తంలో, కండరంలో భాస్వరం ఎంతుందో కచ్చితంగా కొలవాలి. అది కంటికి కనిపించేది కాదు, తూకానికి చిక్కేది కాదు. ఫిస్క్, సుబ్బారావు దానికి రంగుతో జవాబు చెప్పారు. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేట్ అనే లవణం కలుపుతారు. భాస్వరం ఉంటే ఆ రెండూ జతకడతాయి. తర్వాత ఇంకో రసాయనం వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. భాస్వరం ఎక్కువుంటే నీలం చిక్కగా ఉంటుంది, తక్కువుంటే పలచగా ఉంటుంది. ఆ రంగు గుండా వెలుతురు పంపి, తెలిసిన కొలత ఉన్న ద్రావణంతో పోలిస్తే లెక్క తేలిపోతుంది. 1925లో అచ్చయిన ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. ఇవాళ మీరు రక్తపరీక్షకు వెళితే అక్కడి యంత్రం కూడా చాలా పరీక్షల్లో ఇదే సూత్రం వాడుతుంది. రంగు పుట్టించి, వెలుతురు పంపి, ఎంత ఆగిందో చూసి లెక్క కడుతుంది.

కొలిచే సాధనం చేతికొచ్చాక కొత్తవి కనిపించడం మొదలైంది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని వాళ్ళిద్దరూ ప్రకటించారు. స్పోర్ట్స్ డే నాడు మీ అబ్బాయి వంద మీటర్ల పరుగు మొదలుపెట్టిన తొలి సెకన్లలో కండరానికి ఊతమిచ్చేది అదే. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని గుర్తించారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే మందుల కంపెనీకి మారారు. రెండేళ్ళలో అక్కడి పరిశోధనకంతటికీ డైరెక్టరయ్యారు.

తాళంలో ఇరుక్కున్న తాళంచెవి

లెడర్లేలో ఆయన ముందు నిలిచింది పాత ప్రశ్నే. కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో ఉంది, అదేమిటి? 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ఇస్తే కోలుకోసాగారు. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళు దాటాక ఆ జబ్బుకు మందు దొరికింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్తక్యాన్సర్‌తో పోరాడుతున్నారు. ఆ జబ్బు వచ్చిన పిల్లలు అప్పట్లో కొన్ని వారాలకో నెలలకో చనిపోయేవారు. ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చినప్పుడు కొందరు పిల్లల్లో జబ్బు తగ్గడం మాని ఇంకా పెరిగినట్టు ఫార్బర్‌కు తోచింది. అంటే క్యాన్సర్ కణం దాన్ని మేతగా వాడుకుంటోంది. మరి ఆ మేతను ఆపగలమా?

సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించే, కానీ ఆ పని చేయని పదార్థాలను తయారుచేసి పంపింది. తాళానికి సరిపోయినట్టే లోపలికి దూరి, తిరగకుండా ఇరుక్కుపోయే తప్పుడు తాళంచెవి లాంటివి అవి. కణం విభజన చెందాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. తాళంలో తప్పుడు చెవి ఇరుక్కుంటే తయారీ ఆగుతుంది. గబగబా పెరిగే క్యాన్సర్ కణానికి ముందుగా దెబ్బ తగులుతుంది.

అలాంటి వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను 1947 చివర్లో ఫార్బర్ పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితం అచ్చయింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. మంచం దిగలేని పిల్లలు మళ్ళీ ఆడుకున్నారు. శాశ్వతంగా నయం కాలేదు, జబ్బు తిరగబెట్టింది. కానీ మందుతో రక్తక్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని ప్రపంచానికి తెలిసింది. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో తప్పనిసరి మందు. కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కీ కూడా వాడతారు. మంచి వైద్యం సకాలంలో అందే చోట్ల పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్తక్యాన్సర్ నుంచి ఇవాళ పది మందిలో ఎనిమిది, తొమ్మిది మంది బయటపడుతున్నారు.

ఆ మార్పును సుబ్బారావు చూడలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53. ఫార్బర్ ఫలితం అచ్చయి మూడు నెలలు కూడా కాలేదు.

చెప్పకుండా వదలకూడని మాట

గొప్పవారి కథలు పిల్లలకు చెప్పేటప్పుడు మనం కొన్ని పేజీలు తిప్పేస్తాం. ఈ కథలో ఒక పేజీ తిప్పేయకండి. 1923లో అనపర్తిలో భార్యను వదిలి వెళ్ళిన సుబ్బారావు మళ్ళీ ఇండియాకు రాలేదు. అప్పటికి ఆమె కడుపుతో ఉన్నారు. పుట్టిన బాబు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి కొడుకు ముఖం చూడలేదు. శేషగిరమ్మగారు పాతికేళ్ళు ఎదురుచూశారు. చివరికి వచ్చింది చావు కబురు.

ఆయనను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక మనిషి విజయానికి ఇంట్లో ఎవరో ఖరీదు కడుతూ ఉంటారు. వెంకమ్మగారు నగలతో కట్టారు, మామగారు డబ్బుతో కట్టారు, శేషగిరమ్మగారు తన జీవితంతోనే కట్టారు. పిల్లలకు ఆ పేర్లు కూడా చెప్పాలి. సుబ్బారావు శతజయంతికి 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆ బిళ్ళ మీద ఆయన ఒక్కరి బొమ్మే ఉంటుంది.

ఇంకో మాట. రెండుసార్లు ఫెయిలయినవాళ్ళంతా శాస్త్రవేత్తలవుతారని ఈ కథ చెప్పదు. అలా చెబితే అబద్ధమవుతుంది. ఫెయిలయిన రోజున ఆ పిల్లవాడి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ప్రోగ్రెస్ కార్డుకూ తెలియదు, టీచర్లమైన మాకూ తెలియదు, వెంకమ్మగారికి కూడా తెలిసి ఉండదు. తెలియకపోయినా ఆమె ఇంకో అవకాశం ఇచ్చారు. ఈ కథలో మనం చేయగలిగిన పని అదొక్కటే.

ఇప్పుడు మన ఊళ్ళో

స్టీల్ ప్లాంటుకు దగ్గర్లో, అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆ దారిన మీలో చాలామంది రోజూ వెళతారు. పిల్లల రక్తక్యాన్సర్‌కు ఇవాళ ఎక్కడ చికిత్స జరిగినా, ఆ మందుల చీటీలో ఎక్కడో ఒకచోట భీమవరం కుర్రాడి పని ఉంటుంది.

రసాయనశాస్త్రం అక్కడితో ఆగలేదు. సుబ్బారావు రంగుతో కొలిచారు, ఇప్పటివారు మెరుపుతో కొలుస్తున్నారు. ఒక లోహం గాని, ఒక ప్రత్యేకమైన కణం గాని తగిలితే వెలిగే అణువులను తయారుచేస్తున్నారు. వాటిని ఫ్లోరసెంట్ సెన్సర్లు అంటారు. ఇంకో రకం అణువులు ఒంట్లోకి వెళ్ళి ఊరికే ఉంటాయి. క్యాన్సర్ గడ్డ మీద ఒక రకం కాంతి వేస్తే అప్పుడు మేల్కొని, పక్కనున్న ఆక్సిజన్‌ను ఉసిగొల్పి ఆ కణాలను చంపుతాయి. వెలుతురు పడని చోట పెద్దగా హాని చేయవు. దీన్ని ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. కొన్ని రకాల చర్మ, అన్నవాహిక క్యాన్సర్లకు ఇప్పటికే వాడుతున్నారు. జబ్బును చూపించే అణువు, జబ్బును చంపే అణువు, ఈ రెండు దారుల్లోనూ సుబ్బారావు నడిచారు. ఆయన దగ్గర అప్పట్లో నీలిరంగు, తప్పుడు తాళంచెవి ఉండేవి.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

చిటికెడు పసుపు ఒక చెంచా హ్యాండ్ శానిటైజర్‌లో కలపండి. గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే ఊదారంగు లైటు దాని మీద వేయండి. ద్రావణం ఆకుపచ్చగా వెలుగుతుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం ఆ పని చేస్తుంది. ఇప్పుడు అందులో సబ్బునీళ్ళు చుక్క వేయండి. పసుపురంగు ఎర్రబడుతుంది. వెలిగే అణువు, రంగు మార్చి కబురు చెప్పే అణువు రెండూ మీ పోపులపెట్టెలోనే ఉన్నాయి. రెండు జాగ్రత్తలు గుర్తుంచుకోండి. ఆ లైటును కళ్ళలోకి చూడనివ్వకండి, శానిటైజర్‌ను పొయ్యి దగ్గరకు తేకండి. కుర్కుమిన్ మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్నాయి గాని, పసుపు తింటే క్యాన్సర్ నయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డాక్టరు దగ్గరకే వెళ్ళండి.

ఆ పసుపు గ్లాసు చుట్టూ కూర్చున్నప్పుడు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మార్కులు తగ్గిన పిల్లవాడు అక్కడుంటే, మూడోసారి అన్న మాట కాస్త నెమ్మదిగా చెప్పండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు, ఏ చాప్టర్ దగ్గర వాడు ఆగిపోయాడో మాతో కూర్చుని చూద్దాం. మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడదాం.